ఒక్కటే గడ్డ అనుటకు ముందు

(మూలుగ వెలుపలి ప్లాస్మాసైటోమాను గూర్చి మచిలీపట్టణమున చేసిన స్మారకోపన్యాసము)



పరమపదించిన వైద్యుని స్మరించుటకు ఆయన గుణగణములను కీర్తించుట ఒక మార్గము. ఆయన జీవితమంతయు పట్టి విడువని ప్రశ్నను మరల చేపట్టుట మఱియొక మార్గము. మొదటిదానికి నాకంటె సమర్థులు ఈ సభలో పెక్కురు కలరు గనుక నేను రెండవదానిని ఎన్నుకొంటిని. మనము ఎవరి స్మృత్యర్థము ఇచ్చట కూడితిమో ఆ మహనీయునకు బందరులో పేరక్కరలేకుండెను. 'డాక్టరుగారు' అనిన చాలును, కోనేరు సెంటరు నుండి చిలకలపూడి వరకు ఎవరైనను ఇల్లు చూపెడివారు. నేనును నేడు ఆయనను ఆ మాటతోనే పేర్కొనెదను.

డాక్టరుగారు చెవి, ముక్కు, గొంతు వ్యాధులకు చికిత్స చేసెడివారు. రోగి ముక్కునుండి గాని గొంతునుండి గాని తీసిన కండ గోరంతయైనను సరే, దానిని ఫార్మలిను సీసాలో వేసి, చీటీ అంటించి, పరీక్షకు పంపక ఊరకుండెడివారు కారు. పరీక్షకగు ఖర్చు ఇచ్చుకోలేని వారిది తామే ఇచ్చెడివారు. "మామూలు దుర్మాంసమే కదండీ, దీనికి కూడా పరీక్ష ఎందుకండీ?" అని కాంపౌండరు ఒకనాడు అడుగగా, "మామూలని ఎవరు చెప్పాలోయ్, నువ్వా నేనా? సీసా కట్టు" అని తమ పనిలో తాముండిరి. ఆయనవద్ద పని నేర్చుకొన్న మాకందఱకు వైద్యశాస్త్రములోని తొలిపాఠము ఆ సీసాయే.

నేడు నేను ప్రసంగింపనున్న వ్యాధి అట్టి సీసాలలో ఏ కొన్నియేండ్లకో ఒకసారి బయటపడునది. దానిని ఎక్స్‌ట్రామెడుల్లరీ ప్లాస్మాసైటోమా అందురు. సాధారణముగ ఎముకలలోని మూలుగను ఆశ్రయించి పెరుగు ప్లాస్మా కణముల కంతి, మూలుగతో సంబంధము లేక, శరీరములోని మెత్తని భాగములలో ఒక్కచోట పుట్టుట దీని లక్షణము. ప్లాస్మా కణములవలన కలుగు అర్బుదములన్నిటిలో ఇది నూటికి 3 మొదలు 5 వఱకు మాత్రమే. మధుమేహమును, మూత్రపిండముల జబ్బులను దినదినమును చూచు వైద్యులకు, జీవితకాలములో ఒకటి రెండు మారులు ఎదురుపడిన పడవచ్చును, లేకున్న లేదు అనదగిన వ్యాధిని గూర్చి ఇంతసేపు ఏల చెప్పవలయునని ఎవరైన అడుగవచ్చును. దానికి నా సమాధానమిది. వ్యాధి అరుదైనదే కాని అది వైద్యునికి నేర్పు నియమము నిత్యోపయోగకరము. ఒకచోట గడ్డ ఉన్నదని చెప్పుటకు ఆ చోటు చూచిన చాలును. ఆ గడ్డ ఒక్కటే అని చెప్పుటకు శరీరమంతయు వెదకవలయును. ఒక్కటిగానే ముగిసినదని చెప్పుటకు రోగి బ్రదికినంతకాలము కనిపెట్టియుండవలయును. ఈ మూడు మెట్లలో మొదటిది డాక్టరుగారి వంటివారి నిష్ఠవలన మనకు అలవడినది. రెండవది యంత్రములు వచ్చిన తరువాత సాధ్యమైనది. మూడవ మెట్టు దగ్గఱనే మన సీమ తడబడుచున్నది.

ప్లాస్మా కణము పుట్టుకచే దుష్టమైనది కాదు. రక్తములోని బి లింఫోసైటు అను తెల్లకణము పరాయి క్రిమిని గుర్తించినపుడు క్రమముగ మార్పుచెంది ప్లాస్మా కణమగును. అటుపిమ్మట ఆ క్రిమికి సరిపడు ప్రతిరక్షకమును తయారుచేసి విడుచుటయే దాని పని. ఈ సత్యమును 1948లో స్వీడను దేశపు విదుషి ఆస్ట్రిడ్ ఫాగ్రేయస్ స్థాపించెను. కణము రూపమును మాత్రము అంతకు అర్ధశతాబ్దము ముందే, 1895లో, హంగరీ వైద్యుడు మార్షాల్కో వర్ణించి యుండెను. సూక్ష్మదర్శినిలో దానిని ఒకసారి శ్రద్ధగ చూచినవారు మఱవరు. కణము కోలగా ఉండును. కేంద్రకము నడుమ నిలువక ఒక అంచునకు ఒరిగియుండును. దానిలోని క్రోమాటిను అంచువెంబడి ఎడమెడముగ ముద్దలు కట్టియుండును. కేంద్రకమును ఆనుకొని చిన్న తెల్లని వెలితి కనబడును. అది ప్రతిరక్షకములకు తుదిమెఱుగులు దిద్ది బయటికి పంపు గాల్జీ పరికరముండు తావు. మిగిలిన కణద్రవము ఊదాఛాయగల నీలవర్ణముతో నిండియుండును.

ముక్కు, గొంతుల లోపలిపొర క్రింద ఈ కణములు సహజముగనే గుంపులుగ కాపురముండి, ఊపిరితో వచ్చు క్రిములకు అడ్డుపడుచుండును. అందుచేతనే కాబోలు, మూలుగ వెలుపలి ప్లాస్మాసైటోమాలలో నూటికి 80కి పైగా తల, మెడ భాగములందే, అందును ముక్కు, దాని ప్రక్క గాలిగదులు, గొంతు, గవదలు, స్వరపేటిక అను తావులందే పుట్టుచున్నవి. జీర్ణాశయము, ప్రేవులు మొదలగునవి తరువాతి వరుసలోనివి. రోగులలో పెక్కుమంది 50 దాటినవారు. స్త్రీలకంటె పురుషులు సుమారు మూడురెట్లు.

ఇచ్చట ఒక చిక్కు కలదు. దీర్ఘకాలము వాచియున్న ఏ కండలోనైనను ప్లాస్మా కణములు గుమిగూడును. ఆ గుంపు క్రిములతో పోరుటకు వచ్చినదా, కంతియై పెరిగినదా అని రూపముచేతనే నిర్ణయించుట నిపుణులకును కష్టము. ప్రకృతియే దీనికి ఒక గుర్తు పెట్టినది. ప్రతి ప్లాస్మా కణము తన ప్రతిరక్షకమును కట్టుటలో కప్పా, లాంబ్డా అను రెండు తేలిక గొలుసులలో ఏదో ఒక్కదానినే వాడును. వాపునకు చేరిన గుంపులో రెండు తెగలవియు కలసియుండును. కంతిలో ఒక తెగయే ఉండును, ఏలయన కంతి యంతయు ఒక్క కణపు సంతానము. మన పెడన అద్దకములో ఒక లత ఒకే కొసన ఒకే చిన్న విరుపుతో బట్ట పొడుగునను మరల మరల కనబడినచో, అదంతయు ఒక్క దిమ్మెతో అద్దినదని తెలిసినవారు ఇట్టే పట్టుకొందురు. కప్పా, లాంబ్డాల పరీక్ష చేయు పనియు అదియే.

ఈ జాతి వ్యాధుల చరిత్ర గడ్డతో కాక ఒక పరీక్షనాళికతో మొదలైనది. 1845లో లండనులో థామస్ అలెగ్జాండర్ మెక్‌బీన్ అను కిరాణా వర్తకుడు ఎముకల నొప్పులతో మంచమెక్కగా, వైద్యుడు విలియం మెకింటైర్ ఆతని మూత్రమును కాచి చూచెను. వేడిమిలో మార్పునుబట్టి అది విరుగుచు, మరల తేటపడుచు నుండెను. నమూనా హెన్రీ బెన్స్ జోన్స్ అను వైద్య రసాయనవేత్తకు పోయెను. ఆ పదార్థము నేటికిని ఆయన పేరితోనే చెల్లుచున్నది. రోగి 1846 జనవరి 1వ తేదీన మరణించెను. డాక్టరుగారు ఈ పరీక్షను తమ గదిలోనే స్పిరిటుదీపముపై నీటిగిన్నె పెట్టి చేసి చూపెడివారు. ఉష్ణమాపకము 50 దాటి 60 డిగ్రీల దిక్కునకు పోవుచుండగా నాళికలో పాలవిరుగు తోచుటయు, నీరు తెర్లునప్పటికి అది మాయమగుటయు, గిన్నెనుండి తీసి గుడ్డమీద పెట్టిన కొంతసేపటికి మరల తోచుటయు మేము ఊపిరి బిగబట్టి చూచెడివారము. నేడు ఎలక్ట్రోఫోరెసిస్ మొదలగు సూక్ష్మతర పరీక్షలు ఆ దీపమును ఆర్పివేసినవి గాని, వెదకు వస్తువు మాఱలేదు. ఆ విరిగెడి పదార్థము ప్రతిరక్షకములోని తేలిక గొలుసే అని 1962లో ఎడెల్మన్, గ్యాలీలు తేల్చిరి.

మూలుగలో పలుచోట్ల పుట్టు ప్లాస్మా కణముల వ్యాధికి 1873లో రుస్టిట్స్కీ మల్టిపుల్ మైలోమా అను పేరు పెట్టెను. మూలుగ వెలుపల పుట్టు కంతిని 1905లో ష్రిడ్డే వర్ణించెను. ఆ తరువాతి కథలో ఒక వింత కలదు. 1975లో కోలర్, మిల్‌స్టైన్ అను శాస్త్రజ్ఞులు ఎలుకలలోని ప్లాస్మాసైటోమా నుండి వచ్చిన చావెఱుగని కణమును, ప్రతిరక్షకమును చేయు మామూలు కణముతో సంధించి, కోరిన ప్రతిరక్షకమును కోరినంత తీయు విధానమును కనుగొనిరి. 1984లో నోబెలు బహుమానమందిరి. నేడు గోరంత ముక్కపై ప్లాస్మా కణమును పట్టిచ్చు సీడీ 138 అను గుర్తును రంగుతేల్చు ద్రవము ఆ విధానపు ఫలమే. ఎలుకలలోని వ్యాధి మనుష్యులలోని వ్యాధిని గుర్తించుటకు సాధనమైనది.

ఇక శాస్త్రమును విడిచి దివిసీమకు రండు. నాగాయలంక దిక్కున 58 ఏండ్ల రైతు నొకరిని మనస్సున నిలుపుకొనుడు. ఆయన కల్పితుడే గాని ఆయన త్రోవ ఎందఱో త్రొక్కినది. ఒక ముక్కురంధ్రము మూసికొనిపోయినది. జలుబనుకొని ఆవిరి పట్టెను. నెత్తురు చుక్కలు పడినవి, ఎండ అనుకొనెను. "నాట్లయినాక చూద్దాంలే" అనెను. నాట్లయిన పిమ్మట కోతలు వచ్చినవి. ఎదురుమొండి దీవివారైనచో దశాబ్దములుగా ఏటిమొగ రేవున పంటు మీదనే ఏరు దాటుచు వచ్చినవారు. వారికి వాయిదా వేయుటకు కారణములు వెదకనక్కరలేదు. తుదకు అవనిగడ్డలో వైద్యుడు దీపము వేసి చూడగా, ముక్కులో ఎఱ్ఱగ, మెత్తగ, తాకినంతనే నెత్తురుకారు కండ కనబడినది. నొప్పి లేదు. ఈ దశలో దీనిని పోలినవి పెక్కులు: ఎలర్జీవలన వచ్చు మామూలు దుర్మాంసము, దక్షిణ భారతమున చెరువు స్నానములతో ముడివడిన రైనోస్పోరిడియోసిస్, ముక్కును గట్టిపఱచు స్క్లెరోమా (అందు ప్లాస్మా కణములు సహజముగనే మెండు), లింఫోమా, ఇతర కేన్సరులు. చూపుచేత వీనిని వేఱుచేయజాలము. ముక్క తీయవలసినదే.

"ముక్క తీస్తే పాకుద్దండీ" అని ఆ రైతు వెంటవచ్చిన బావమఱది అనును. ఈ భయము మన గ్రామములలో మిక్కిలి లోతైనది, దానిని చూచి నవ్వుట వైద్యునికి తగదు. ఆలస్యముగ వచ్చి, ముక్క తీసిన కొలదిదినములకే మరణించిన వారిని చూచి పుట్టిన భయమది. ముక్క తీయుటచే ఈ కంతి పాకదు. తీయకుండుటచే దాని పేరు తెలియదు. పేరు తెలియని వ్యాధికి చేయు చికిత్స చీకటిలో చేయు పని. డాక్టరుగారు ఈ మాటను రోగితోగాక, ఆ బావమఱదితో, కుర్చీ వేయించి కూర్చుండబెట్టి చెప్పెడివారు. ఇంట నిర్ణయము చేయువారెవరో ఆయనకు తెలియును.

ముక్కలో ప్లాస్మా కణములు, అన్నియు ఒకే తెగవి, కనబడినవనుకొందము. మొదటి మెట్టు ముగిసినది. తొందఱపాటున్నచో వైద్యుడు ఇచ్చటనే "ఒక్క గడ్డేనండీ, తీసేస్తే పోతుంది" అనివేయును. ఈ రెండు మాటలును ఇంకను తేలనివి. మైలోమా వ్యాధి ముదిరి మూలుగనుండి ముక్కులోనికి పొడుచుకొని వచ్చినపుడును ఆ ముక్క ఇట్లే కనబడును. రెంటికిని చికిత్స వేఱు, భవిష్యత్తు వేఱు. కావున తుంటియెముక నుండి మూలుగ తీసి చూడవలయును. అందు ఈ తెగ కణములు ఉండరాదు, లేదా నూటికి 10కి లోపు స్వల్పముగ నుండవలయును. వెన్నెముక, కటిభాగముల ఎమ్మారై గాని, శరీరమంతటి పెట్ స్కానుగాని ఎముకలు పాడుకాలేదని చెప్పవలయును. రక్తములో కాల్షియము హెచ్చరాదు, మూత్రపిండములు చెడరాదు, ఈ వ్యాధివలన రక్తహీనత కలిగియుండరాదు. రక్తములోను మూత్రములోను ఒకే తెగ మాంసకృత్తు ఉన్నదేమో కొలిచి వ్రాసికొనవలయును; కొందఱలో అది కొంచెముగ ఉండును, ముందుముందు పోల్చిచూచుటకు ఆ తొలికొలతయే ఆధారము. ఇన్నిటిలోను మైలోమా లేదని తేలినపుడే 'ఒక్కటి' అను మాట పలుకదగినది.

అప్పుడు చికిత్స ఆశాజనకము. ఈ కంతి కిరణములకు బాగుగ లొంగును. మనవారు కరెంటు పెట్టించుకొనుట అనునదే ఇది. వారమునకు 5 దినముల చొప్పున 4, 5 వారములు, మొత్తము 40 మొదలు 50 గ్రేల వఱకు మోతాదు ఇత్తురు. నూటికి 80కి పైగా రోగులలో ఆ చోటి గడ్డ మరల తలయెత్తదు. సులభముగ తీయదగిన చోట శస్త్రచికిత్సయు కలదు. కాని ముఖమును వికృతము చేయు కోత ఈ వ్యాధికి సాధారణముగ అక్కరలేదు. ఒకప్పుడు ఈ సీమవారికి కిరణచికిత్స అనిన 1934లో మద్రాసు జనరలాసుపత్రిలో వెలసిన బర్నార్డు ఇన్‌స్టిట్యూటో, 1954లో ముత్తులక్ష్మీరెడ్డిగారి పూనికతో అడయారులో వెలసిన కేన్సర్ ఇన్‌స్టిట్యూటో గతి. నేడు బెజవాడలోనే ఆ యంత్రములు కలవు. 2007లో ఆరంభమైన ఆరోగ్యశ్రీ పథకము పేదవారికి ఖర్చు భారమును తగ్గించినది. మన జిల్లా ఈ రంగమునకు మనుష్యులనును ఇచ్చినది. మంటాడలో జన్మించి, కర్నూలులో వైద్యము చదివి, న్యూయార్కులోని మెమోరియల్ స్లోన్ కెటరింగ్ కేంద్రమున కిరణచికిత్సలో పేరుగన్న నోరి దత్తాత్రేయుడుగారు 2015లో పద్మశ్రీ అందిరి. నిమ్మకూరులో పుట్టిన నందమూరి తారక రామారావుగారు, 1985లో కేన్సరుతో గతించిన ధర్మపత్ని బసవతారకముగారి పేర తలపెట్టిన ఆసుపత్రి 2000లో హైదరాబాదున సేవ నారంభించినది. కృష్ణమ్మ తుదిదరిని పుట్టిన బుద్ధియు దుఃఖమును గూడ ఇట్లు దూరనగరములలో ఆసుపత్రులైనవి. రోగియు అచ్చటికే పోవలయును, పోవుచున్నాడు. 5 వారముల ప్రవాసమును మనవారు భూమి తాకట్టుపెట్టియైనను ఓర్చుకొందురు.

ఓర్చుకొనజాలనిది మూడవ మెట్టు. చికిత్స పొందినవారిలో నూటికి 10 మొదలు 30 మందికి, కొన్నాళ్లకో కొన్నేండ్లకో, మూలుగలో మైలోమా బయలుదేరవచ్చును. ఎముకలోనే ఒంటరిగ పుట్టు ప్లాస్మాసైటోమాలో ఈ ప్రమాదము సగముమందికి మించును. దానితో పోల్చిన మన వ్యాధి మెత్తనిదే. అయినను మెత్తనిదని విడువరాదు. మొదటి ఏండ్లలో 3 మొదలు 6 నెలలకొకసారి, పిదప ఏటేట, జీవితాంతము చూపించుకొనవలయునని పెద్దాసుపత్రివారు చీటీపై వ్రాసి పంపుదురు. ముక్కు బాగైనది. ఊపిరి ఆడుచున్నది. నెత్తురు లేదు. సార్వా పోయి దాళ్వా వచ్చును, కూతురి పెండ్లి వచ్చును, చీటీ ట్రంకుపెట్టెలో అడుగునకు చేరును. కొన్నేండ్ల తరువాత నడుమునొప్పి అని వచ్చినపుడు గుడివాడలోనో చల్లపల్లిలోనో వైద్యుడు నొప్పిమాత్ర ఇచ్చును, వెనుకటి గడ్డ సంగతి రోగి చెప్పడు, ముక్కునకును నడుమునకును సంబంధముండునని ఆతనికి తోచదు, వైద్యుడు అడుగడు. ఆ నొప్పి వెన్నుపూస విరిగిన నొప్పి అని తెలియునప్పటికి మూత్రపిండములు చెడియుండును. ఇందు ఎవరి దుర్మార్గమును లేదు. గడ్డను నయముచేసిన చోటికిని, మనిషి జీవించు చోటికిని నడుమ నిలువవలసినవారు లేకపోవుటయే ఈ నష్టమునకు మూలము.

నేను గట్టిగ చెప్పదలచినది ఇదియే. మూడవ మెట్టునకు మహాయంత్రములు అక్కరలేదు. హీమోగ్లోబిను, క్రియాటినిను, కాల్షియము పరీక్షలు నేడు గుడివాడ, బందరు, అవనిగడ్డలలో దొరకును. మాంసకృత్తుల పరీక్షకు రక్తమును మూత్రమును బెజవాడకు పంపిన చాలును, రోగి పోనక్కరలేదు. ముక్కులోను గొంతులోను అద్దముతో చూచుట, మెడలోని బిళ్లలను తడిమి చూచుట, ఎముకల నొప్పి ఉన్నదా అని అడుగుట, ఇవి ఏ వైద్యుడైనను పావుగంటలో చేయదగిన పనులు. దూరనగరము చేయవలసినది ఒక్కసారియే. దగ్గఱి ఊరు చేయవలసినది ఇరువదియేండ్లు. కావున ఈ వ్యాధికి నిజమైన చికిత్సాకేంద్రము రోగి ఊరికి దగ్గఱనున్న చిన్న వైద్యశాలయే అని నా అభిప్రాయము.

ఈ మాట ప్లాస్మాసైటోమాతో ఆగునది కాదు. రొమ్ము కేన్సరునకు, నోటి కేన్సరునకు చికిత్స ముగించి ఇంటికి వచ్చినవారు ఈ డెల్టాలో ఎందఱో కలరు. వారికిని ఇదే వెలితి. అరుదైన వ్యాధిలో ఆ వెలితి స్పష్టముగ కనబడును, ఏలయన అందు రోగి పూర్తిగ ఆరోగ్యవంతునివలె తిరుగుచుండును, ఆతనిని పిలువవలసిన కారణము వైద్యుని జ్ఞాపకములో తప్ప మఱెచ్చటను ఉండదు. జ్ఞాపకము వైద్యునితోకూడ గతించును. డాక్టరుగారి జ్ఞాపకములో ఉండిన రోగులందఱు నేడు ఎచ్చటనున్నారో మనలో ఎవరికిని తెలియదు.

2023 సెప్టెంబరులో మన పట్టణమునకు ప్రభుత్వ వైద్యకళాశాల వచ్చినది. ఈ సంస్మరణ సంఘమువారు ఆ కళాశాలలోని పెద్దలను కలసి రెండు పనులకు పూనుకొనవలయునని కోరుచున్నాను. మొదటిది: చికిత్స ముగించిన ప్రతి రోగిచేతికి తెలుగులో వ్రాసిన చిన్న పుస్తకము. అందు వ్యాధి పేరు, ముక్కపరీక్ష ఫలితము, ఇచ్చిన కిరణముల మోతాదు, తొలి రక్తపరీక్షల అంకెలు, రాబోవు గడువు ఉండవలయును. నడుమునొప్పితో వచ్చిన రోగి ఆ పుస్తకమును బల్లపై పెట్టినచో ఏ వైద్యుడును నొప్పిమాత్రతో సరిపుచ్చడు. రెండవది: కళాశాలలో ఒక పట్టిక. గడువు దాటినవారి పేర్లు నెలనెల దానినుండి తీసి, ఆ ఊరి ఆశా కార్యకర్తకు కబురు పంపవలయును.

ఇందులకగు వ్యయము స్వల్పము, ఓర్పు అధికము. వచ్చు సంవత్సరము ఈ వేదికపై నిలుచు ఉపన్యాసకుని, విషయము ఏదైనను సరే, మొదట ఆ పట్టిక లెక్క చదువుమని అడుగుడు: ఎందఱు చేరిరి, ఎందఱు గడువునకు వచ్చిరి, రానివారి ఇంటికి ఎవరు పోయిరి. ఆ లెక్క చదివిన పిమ్మటనే ఆయన డాక్టరుగారిని ప్రశంసించుట ఉచితము.